మూడు భాషల వంటల సైటులో దినుసులు, కొలతలు: రెసిపీ ప్లగిన్ చాలాకాలం వాడాక

సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రెసిపీ కార్డు ప్లగిన్ (అదనపు పనికోసం జోడించుకునే చిన్న ప్రోగ్రాం), దానికి తోడు ఒక బహుభాషా ప్లగిన్. తెలుగు, ఇంగ్లీషు, హిందీల్లో వంటల సైటు నడపాలంటే మామూలుగా పెట్టుకునే జోడీ ఇది. ప్లగిన్ల పేర్లు అనవసరం. ఈ తరహావి చాలావరకు దినుసుల వరసను నాలుగు గళ్ళుగా విడగొడతాయి: పరిమాణం, కొలత, దినుసు, గమనిక. ఈ ఏర్పాటు బాగుంది, దానికి వంక లేదు. చిక్కల్లా ఆ గళ్ళను యంత్రానువాదానికి అప్పగించినప్పుడే.

అనువాదం ఒక్కో గడినీ విడిగా చూస్తుంది. కొలతలో క్లోవ్స్, దినుసులో గార్లిక్ అని ఉంటే తెలుగు పేజీలో "4 లవంగాలు వెల్లుల్లి" అని తేలుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడూ ఇదే గొడవ. మనకు వెల్లుల్లికీ రెబ్బే, కరివేపాకుకీ రెబ్బే. ఇంగ్లీషులో మొదటిది క్లోవ్, రెండోది స్ప్రిగ్. కొలతల జాబితాలో "రెబ్బ-వెల్లుల్లి", "రెబ్బ-కరివేపాకు" అని రెండు పద్దులు చేర్చి, తెలుగులో కనిపించే పేరు రెండింటికీ "రెబ్బ" అనే ఇస్తే సరిపోతుంది. టీస్పూన్, దాని పొట్టి రూపం, చుక్క పెట్టిన పొట్టి రూపం కూడా ప్లగిన్ దృష్టిలో మూడు వేర్వేరు కొలతలే. వంటలు వందల్లోకి వెళ్ళకముందే వాటిని ఒకటి చేసుకోవాలి. తరవాత చేద్దామనుకుంటే డేటాబేసులో చెయ్యి పెట్టాల్సి వస్తుంది.

బహువచనం ఇంకో తంటా. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ (ఏ భాషలో అంకెలు, తేదీలు, వచనాలు ఎలా చూపాలో చెప్పే భాండారం) నియమాల్లో తెలుగుకు సరిగ్గా 1 అయితేనే ఏకవచనం, 0.5 బహువచనం కిందికి పోతుంది. హిందీకి మాత్రం 0.5 ఏకవచనమే. అందుకే ఈ నియమాలు పాటించే చోట హిందీ పేజీ బాగానే ఉండి, తెలుగులో "½ కప్పులు" అని పడుతుంది. అర కప్పు, ముప్పావు కప్పు, ఒకటిన్నర కప్పు అనే భాషకు ఇది ఎబ్బెట్టు. సంఖ్య 2 కంటే తక్కువైతే ఏకవచనం తీసుకోమని నాలుగు వరసల ఫిల్టర్ (ప్లగిన్ చూపించేదాన్ని మార్చే చిన్న కోడ్) రాస్తే చక్కబడుతుంది.

కొలతల మార్పిడి బటన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నమ్మడానికి మాత్రం వీల్లేదు. అమెరికా కప్పు సుమారు 237 మి.లీ., ఆస్ట్రేలియా కప్పు 250, జపాన్‌ది 200, రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు తరచుగా 180. టేబుల్ స్పూను చాలాచోట్ల 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20. ఏ కప్పో చెప్పకుండా "కప్పు" అని మాత్రమే రాసిన వంటను డల్లాస్‌లో ఒకరు, మెల్‌బోర్న్‌లో ఒకరు చేస్తే పులిహోరకు పెద్ద తేడా రాదేమో గానీ కేకు తేడా కొడుతుంది. పైగా ఘనపరిమాణాన్నే మార్చే బటన్ మైదాకూ పంచదారకూ ఒకే లెక్క చూపి "237 మి.లీ. మైదా" అంటుంది. తూకం వేసేవాళ్ళకు అది దేనికీ పనికిరాదు. ఒక అమెరికా కప్పుకు మైదా 120-125 గ్రాములు, పంచదార 200, వెన్న 227. కాబట్టి ప్రతి దినుసుకూ కప్పు బరువు విడిగా నమోదు చేసుకునే వీలున్న ప్లగిన్‌నే తీసుకోండి. లేకపోతే ఆ బటన్ ఆపేసి గ్రాములు చేత్తో రాయండి. ఓవెన్ వేడికీ ఇదే మాట: 350 ఫారన్‌హీట్‌ను అది 176.67 సెల్సియస్ చేస్తుంది. ఏ ఓవెన్ మీదా ఆ గుర్తు ఉండదు, 175 లేదా 180 అని రాయాలి.

దినుసుల పేర్లకు యంత్రానువాదం పూర్తిగా ఆపెయ్యమనే నా సలహా. ఇడ్లీ రవ్వ సెమొలినా అయిపోతే ఇంగ్లీషు పేజీ చూసి వండేవాళ్ళు బియ్యపు రవ్వ బదులు బొంబాయి రవ్వ పోస్తారు. కారం అన్నచోట చిల్లీ పౌడర్ అని ఊరుకుంటే అమెరికా దుకాణంలో జీలకర్ర, వెల్లుల్లి పొడి కలిసిన మసాలా చేతికొస్తుంది. కార్న్ ఫ్లోర్ మన దగ్గరా బ్రిటన్‌లోనూ మొక్కజొన్న గంజిపిండి. అమెరికాలో మెత్తగా విసిరిన మొక్కజొన్న పిండి. కొరియాండర్ అంటే బ్రిటన్‌లో కొత్తిమీరా కావచ్చు, ధనియాలూ కావచ్చు. వీటన్నిటికీ మందు ఒకటే: దినుసును టాక్సానమీలో (వర్డ్‌ప్రెస్ వర్గీకరణ జాబితాలో) ఒక పద్దుగా పెట్టి, ఒక్కో భాషలో పేరు ఒక్కసారి చేత్తో రాసి, వంటల్లో ఆ పద్దునే ఎంచుకోవడం. ఏ ఇంటి వంటల సైటుకైనా రోజూ తిరిగే దినుసులు రెండు, మూడు వందలకు మించవు. పల్లీలు, వేరుశనగ గుళ్ళు రెండు పద్దులు చెయ్యకండి. పద్దు ఒకటే ఉంచి రెండో పేరును వెతుకులాట కోసం జోడించండి. సొరకాయ, ఆనపకాయలకూ అంతే.

పరిమాణం గడిలో అంకెలు తప్ప ఏమీ రాయకూడదు. అక్కడ "తగినంత" అని పెడితే ఎంతమందికి అన్న అంకె మార్చగానే లెక్క ఆగిపోతుంది. నలుగురికి రాసిన వంటలో చిటికెడు ఇంగువను 1 చిటికెగా నమోదు చేస్తే ఇరవై నాలుగు మందికి ఆరు చిటికెలని చూపిస్తుంది, అదీ ఎవరికీ అక్కర్లేదు. ఇలాంటివి గమనికలోకి పోవాలి. నిమ్మకాయంత చింతపండును 20-25 గ్రాములని నమోదు చేసి, "నిమ్మకాయంత" అన్న మాటను తెలుగు పేజీ గమనికలో ఉంచితే ఎవరికి కావలసింది వారు చదువుకుంటారు. పాత వంటల్లో వచ్చే గిద్దె, సోల, తవ్వలను మార్పిడి పట్టికలో చేర్చొద్దు. ఊరిని బట్టి పాత్ర మారేది. వాటిని పాళ్ళుగా రాయడమే మేలు: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ.

పద్దులు చేర్చేటప్పుడే స్లగ్గులు (వెబ్ చిరునామాలో కనిపించే పేర్లు) చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ స్లగ్గుకు 200 అక్షరాల హద్దు పెట్టింది. తెలుగు లిపిలో ఒక్కో యూనికోడ్ గుర్తు చిరునామాకు పనికొచ్చే రూపంలోకి మారాక (ఎన్‌కోడ్ అయ్యాక) 9 అక్షరాలు తింటుంది, గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 22 గుర్తులకే కోత పడుతుంది. "వేయించిన వేరుశనగపప్పు పొడి" లాంటి పేరు చివర తెగుతుంది. స్లగ్గు వరకు రోమన్ లిపిలో ఇవ్వండి.