యూడెవ్ దీర్ఘకాల సమీక్ష: రెండు కాటాలు, ఒకే రకం కేబుళ్లు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో లినక్స్ కంప్యూటర్లు పెట్టి, అవి ఆగకుండా చూసుకోవడం నా పని. దాదాపు ప్రతి మిల్లులోనూ గేటు దగ్గర లారీ కాటా, లోపల బస్తాల కాటా ఉంటాయి. ఈ రెండింటి ఇండికేటర్లూ ఇప్పటికీ ఆర్ఎస్232 సీరియల్ మీదే బరువు పంపిస్తాయి. ఈమధ్య కంప్యూటర్లకు సీరియల్ పోర్టు రావట్లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ కేబుళ్లు వేయాలి. ఆ కేబుళ్లకు డెవ్ డైరెక్టరీలో (డివైసులు ఫైళ్లుగా కనిపించే చోటు) ఏ అదనపు పేరు ఉండాలి, వాటిని ఎవరు తెరవొచ్చు అన్నది తేల్చేది యూడెవ్ అనే లినక్స్ ప్రోగ్రామ్. ఏళ్ల తరబడి దీని మీదే ఆధారపడి పని చేస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఇది గట్టి పనిముట్టు, నమ్మొచ్చు. కానీ తేడా వచ్చినప్పుడు మాత్రం కిక్కురుమనదు. నా ఫిర్యాదులన్నీ అక్కడి నుంచి పుట్టినవే.

కొత్తగా దీని జోలికి వచ్చేవాళ్లు ముందు డివైస్ ఫైల్ అంటే ఏమిటో కళ్లారా చూడాలి. డెవ్ డైరెక్టరీలో ఫైళ్ల వివరాలు చూస్తే, మామూలు ఫైలుకు సైజు కనిపించే చోట డివైస్ ఫైలుకు రెండు అంకెలుంటాయి, మేజర్, మైనర్ అని. రాసినదంతా పారేసే నల్ అనే డివైస్‌కు 1, 3. మొదటి ఎస్‌సీఎస్‌ఐ తరహా డిస్కుకు 8, 0. దాని మొదటి పార్టిషన్‌కు 8, 1. రెండో డిస్కు 8, 16 దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే ఒక్కో డిస్కుకు పదహారేసి మైనర్లు కేటాయించారు. యూఎస్‌బీ సీరియల్ కేబుళ్ల మేజర్ 188. కెర్నెల్‌కు (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) పేరుతో పనే లేదు, ఆ రెండు అంకెలు, అది క్యారెక్టరా (సీరియల్ పోర్టు లాంటిది) బ్లాకా (డిస్కు లాంటిది) అన్న ఒక్క అక్షరం చాలు. ఎమ్‌కేనాడ్ కమాండ్‌తో 'లారీకాటా' అని ఫైలు సృష్టించి, దానికి 188, 0 ఇస్తే అది కూడా చక్కగా బరువు చదివి పెడుతుంది.

అలాగైతే ఎమ్‌కేనాడ్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఏ కేబుల్ ముందు దొరికితే దానికి మైనర్ 0, తర్వాతి దానికి 1. అంటే పేరే కాదు, అంకె కూడా వరుసను బట్టి మారుతుంది. రాత్రి కరెంటు పోయి తెల్లవారి మెషిన్ లేచేసరికి వరుస తారుమారైతే, యాభై కిలోల బస్తా చూపాల్సిన స్క్రీన్ మీద ధాన్యం లారీ బరువు కనిపిస్తుంది. తూకం చీటీ తప్పితే రైతుకూ మిల్లుకూ మధ్య మాట పోతుంది. ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడికి ఎలా చేరామో కొంచెం చెప్పాలి. పాత రోజుల్లో మేక్‌డెవ్ అనే స్క్రిప్టు ఉండేది. అది మెషిన్‌లో ఉన్నవాటికీ లేనివాటికీ వేల ఫైళ్లు ముందే సృష్టించి పెట్టేది. 2.4 కెర్నెల్ దాకా మేజర్, మైనర్ చెరో 8 బిట్లే. అంకెలు చాలకపోవడంతో 2.6లో వాటిని 12, 20 బిట్లకు పెంచారు. ఉన్న డివైసులకే ఫైళ్లు చూపించేలా రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్ 2000లో కెర్నెల్లోకి వచ్చింది. అయితే పేర్లు పెట్టే విధానం కెర్నెల్ లోపల ఉండటం చాలామందికి నచ్చలేదు. ఆ పనిని కెర్నెల్ బయటికి తెస్తూ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ 2003లో యూడెవ్ మొదలుపెట్టాడు. 2006కల్లా డెవ్‌ఎఫ్‌ఎస్‌ను కెర్నెల్ నుంచి తీసేశారు. 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32తో డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ చేరింది. అప్పటి నుంచి డివైస్ ఫైలును అసలు పేరుతో సృష్టించేది కెర్నెలే. ఓనర్, గ్రూపు, పర్మిషన్లు, అదనపు లింకులు (అదే ఫైలుకు మారు పేర్లు) యూడెవ్ చూసుకుంటుంది. ఇప్పటికీ చాలాచోట్ల ఫైళ్లు యూడెవ్ సృష్టిస్తుందనే రాస్తున్నారు, అది పాత మాట. 2012లో యూడెవ్ సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) కలిసింది.

ఇక అసలు పని. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న మంచి కేబుల్‌కు సాధారణంగా తనదైన సీరియల్ నంబరు ఉంటుంది. దీనికి రూల్ (ఏ డివైస్‌కు ఏం చేయాలో యూడెవ్‌కు చెప్పే లైను) రాయక్కర్లేదు, డెవ్‌లో సీరియల్ కింద బై-ఐడీ అనే డైరెక్టరీలో ఆ నంబరుతో లింకు దానంతటదే వచ్చేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ దారి ఇచ్చేస్తే వరుస ఎలా మారినా బాధ లేదు. యూడెవ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఏమీ రాయకుండానే దొరికే నిలకడ. డిస్కులకు యూయూఐడీ (ఒక్కోదానికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), లేబుల్ లింకులు కూడా ఇదే పద్ధతి.

చిక్కంతా చౌక కేబుళ్లతో. సీహెచ్340 చిప్ ఉన్న వాటిలో సాధారణంగా సీరియల్ నంబరే ఉండదు. రెండు కేబుళ్లు పెడితే రెండూ వెండర్ 1ఏ86, ప్రోడక్ట్ 7523 అనే చెబుతాయి. బై-ఐడీలో రెండూ ఒకే లింకు కోసం పోటీ పడతాయి, అక్కడ కనిపించేది ఒక్కటే. అప్పుడు పోర్టును పట్టుకోవాలి. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో కమాండ్‌కు ఆ డివైస్ పేరిచ్చి, పై వరుసలన్నీ చూపించమంటే 1-1.3 లాంటి దారి ఒకటి కనిపిస్తుంది. రూట్ హబ్ ఒకటి, దాని మొదటి పోర్టుకు ఒక హబ్, ఆ హబ్ మూడో రంధ్రం అని దానర్థం. కెర్నెల్స్ అనే కీలో (రూల్‌లో పోల్చే అంశం) ఆ విలువ పెట్టి, ఆ రంధ్రంలో ఏ కేబుల్ ఉన్నా 'లారీకాటా' అనే సిమ్‌లింక్ ఇవ్వమని ఒక లైను రాస్తాను. మరో రంధ్రానికి 'బస్తాకాటా'. కేబుల్ చివరా, పోర్టు పక్కనా ఒకే రంగు టేపు అంటిస్తాను. దుమ్ము దులిపేటప్పుడు కేబుళ్లు పీకిన గుమస్తా మళ్లీ సరైన చోట పెట్టాలంటే ఆ టేపే ఆధారం. ఇంత తంటా పడే బదులు కొంచెం ఎక్కువైనా సీరియల్ నంబరున్న కేబుల్ కొనమని షావుకార్లకు గట్టిగానే చెబుతాను.

రూల్స్ భాష చూడ్డానికి తేలికే, కానీ కొన్ని మెలికలు తల ప్రాణం తోకకు తెస్తాయి. పోల్చడానికి రెండు సమాన గుర్తులు, విలువ ఇవ్వడానికి ఒకటి, ఉన్నదానికి చేర్చడానికి ప్లస్‌తో కలిపి. సిమ్‌లింక్ దగ్గర ఆ ప్లస్ లేకపోతే అప్పటిదాకా పోగైన లింకులన్నీ పోతాయి, బై-ఐడీతో సహా. ఇంకో మెలిక దీనికన్నా లోతైనది: పై డివైసుల (ఇది దేని కింద తగిలి ఉందో ఆ డివైసుల) గుణాలు ఒక రూల్‌లో పోల్చేటప్పుడు అవన్నీ ఒకే పై డివైసువి కావాలి. యూఎస్‌బీ డివైస్ నుంచి వెండర్ నంబరు, దాని కింది ఇంటర్‌ఫేస్ నుంచి ఇంటర్‌ఫేస్ నంబరు తీసుకుని కలిపితే ఆ రూల్ ఎప్పటికీ పట్టదు. తప్పని ఎక్కడా చెప్పదు. మాటా పలుకూ లేకుండా వదిలేస్తుంది. సిస్టమ్‌డీ 254వ వెర్షన్‌లో వచ్చిన యూడెవ్‌ఏడీఎం వెరిఫై రాతలోని తప్పులు పట్టిస్తోంది, అది నిజంగా మేలు. ఈ రెండో రకం తప్పుకు మాత్రం యూడెవ్‌ఏడీఎం టెస్ట్ నడిపి, వచ్చిన చాంతాడంత అవుట్‌పుట్‌లో మన లైను వెతుక్కోవాల్సిందే. రూల్ మార్చాక రీలోడ్ ఒక్కటే సరిపోదు, అప్పటికే తగిలించి ఉన్న కేబుల్‌కు అది వర్తించాలంటే ట్రిగ్గర్ ఇవ్వాలి, లేదా పీకి పెట్టాలి.

రూల్ నుంచి స్క్రిప్టు నడపొచ్చు, కానీ చిన్న పనికే. ఆగకుండా నడవాల్సిన ప్రోగ్రామ్‌ను యూడెవ్ చంపేస్తుంది. బరువు చదివే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా రాసి, రూల్ దాన్ని పిలిచేలా చేస్తే నిశ్చింత.

పక్కవాళ్ల రూల్స్ వల్ల కూడా ఇబ్బంది వస్తుంది. 2022లో వచ్చిన ఒక డిస్ట్రిబ్యూషన్‌కు మారిన మిల్లులో సీహెచ్340 కేబుల్ పెట్టగానే పోర్టు కనిపించి, క్షణంలో మాయమయ్యేది. కెర్నెల్ లాగ్ చూస్తే విషయం బయటపడింది: బ్రెయిలీ డిస్‌ప్లేల సాఫ్ట్‌వేర్ తాలూకు రూల్ అదే 1ఏ86, 7523 జంటను తనదనుకుని లాక్కుంటోంది. ఆ రెండు నంబర్లతోనే పనిచేసే బ్రెయిలీ పరికరం ఒకటి ఉంది, రూల్ రాసినవాళ్ల తప్పని కూడా అనలేం. ఎట్సీ కింది యూడెవ్ రూల్స్ డైరెక్టరీలో అదే పేరుతో మనం పెట్టిన ఫైలు సిస్టమ్ ఫైలును కప్పేస్తుంది. ఆ ఫైలును కాపీ చేసి, ఆ ఒక్క లైను తీసేసి అక్కడ పెట్టాను. ప్యాకేజీ పీకేయకుండా, అప్‌డేట్‌కు చెడకుండా సర్దుబాటైంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు దండం పెట్టాలి.

ఎమ్‌కేనాడ్ అవసరం తీరిపోయిందనుకోకండి. రూట్‌గా నడిచిన ఏదో ప్రోగ్రామ్ నల్‌ను చెరిపేసి, దాని చోట మామూలు ఫైలు రాసిపెట్టడం నేను చూశాను. మామూలు యూజర్లకు వరుసగా పర్మిషన్ లేదన్న ఎర్రర్లు వస్తాయి, కారణం ఎవరికీ తట్టదు. వివరాల్లో మొదటి అక్షరం సీ కాకుండా గీత కనిపిస్తే జబ్బు అదే. ఆ ఫైలు తీసేసి, ఎమ్‌కేనాడ్‌కు మోడ్ 666 (అందరూ చదవొచ్చు, రాయొచ్చు), రకం సీ (క్యారెక్టర్), అంకెలు 1, 3 ఇస్తే అక్కడికక్కడే నయమవుతుంది. ఈ డైరెక్టరీ మెమరీలో ఉండేది కాబట్టి రీబూట్ చేసినా సరవుతుంది, కానీ ధాన్యం లారీలు వరుసలో ఉన్నప్పుడు మెషిన్ ఆపనిచ్చేదెవరు? అదే కారణంతో, ఇక్కడ చేత్తో సృష్టించిన ఫైళ్లు రీబూట్‌కు నిలవవు. క్రూట్‌లో (ఒక డైరెక్టరీనే రూట్ డైరెక్టరీగా చూపి ప్రోగ్రామ్‌లు నడిపే చోటు) కూడా ఎమ్‌కేనాడ్ కావాలి, అయితే ఆ పార్టిషన్ నోడెవ్‌తో (డివైస్ ఫైళ్లను పనిచేయనివ్వని ఆప్షన్) మౌంట్ అయి ఉంటే ఫైలు కనిపిస్తుంది గానీ తెరుచుకోదు.

పర్మిషన్ల విషయంలో ఒక్క మాట. పని జరగట్లేదని 666 పెట్టే రూల్స్ తెగ తిరుగుతుంటాయి. తూకం అంటే డబ్బు, ఆ పోర్టును అందరికీ తెరిచి పెట్టకూడదు. గ్రూపు డయల్ఔట్, మోడ్ 660 (ఓనర్‌కూ గ్రూపుకూ మాత్రమే), బిల్లింగ్ యూజర్ ఒక్కడే ఆ గ్రూపులో. నా మిల్లులన్నిటిలో ఇదే పెట్టాను.

ఇన్నేళ్లలో దీన్ని వదిలి ఇంకోటి చూడాలని అనిపించలేదు. చిన్న బోర్డుల్లో బిజీబాక్స్ (చాలా కమాండ్లను ఒకే చిన్న ప్రోగ్రామ్‌లో ఇచ్చేది) వాళ్ల ఎమ్‌డెవ్ చాలు, కానీ కాటాల కంప్యూటర్‌కు యూడెవ్‌నే ఎంచుకుంటాను. కోరేది ఒక్కటే: రూల్ పట్టనప్పుడు ఏ కీ దగ్గర ఆగిపోయిందో ఒక్క లైనులో చెప్పే ఏర్పాటు కావాలి.