పోర్టర్ పుట్టిన ఊళ్లో మూడు రోజులు

లండన్‌లో దిగిన రోజు సాయంత్రమే బసకు దగ్గర్లోని ఒక పబ్బులో పోర్టర్ అనే నల్లటి బీరు అడిగాను. మంచు పట్టిన గ్లాసులో పోసి ఇచ్చారు. పళ్లు జివ్వుమన్నాయి, నాలుక మొద్దుబారింది, చివర్లో కాస్త చేదు తప్ప ఏమీ తెలియలేదు. ఆరున్నర పౌండ్లు పెట్టి ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్ల నల్లటి చల్లదనం తాగి వచ్చాను. ఇంత పేరున్న బీరు ఇదేనా అని ఆ రాత్రి నిజంగా బాధపడ్డాను.

తర్వాతి రెండు రోజుల్లో నాకు అర్థమైంది ఒక్కటే. పోర్టర్ ఎవరు కాచారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎంత చలువలో, ఎలా పోసి ఇచ్చారన్నదీ అంతే ముఖ్యం.

రెండో రోజు పొద్దున లండన్ పడమటి వైపున్న చిజిక్ వెళ్లాను. భూగర్భ రైల్లో డిస్ట్రిక్ట్ లైను ఎక్కి టర్నమ్ గ్రీన్‌లో దిగి, పావుగంట నడిస్తే ఫుల్లర్స్ వారి గ్రిఫిన్ బ్రూవరీ వస్తుంది. భవనం కనిపించకముందే ఉడుకుతున్న ధాన్యం వాసన ఎదురొచ్చింది. అంబలి కాస్తున్న వంటింటి ముందు నడుస్తున్నట్టు అనిపించింది. ఈ చోట 350 ఏళ్లకు పైగా బీరు కాస్తున్నారు. గోడల మీద పాకిన విస్టీరియా తీగ 1816 నాటిది. 2019లో బ్రూవరీ జపాన్ సంస్థ అసాహి చేతికి వెళ్లింది, కాపు మాత్రం ఇక్కడే సాగుతోంది. లోపల చూడాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. నేను చేసుకున్నాను. చూపించినావిడ ఏ ప్రశ్ననూ దాటవేయలేదు. వేయించిన మాల్టు గింజలు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, చేతిలో పోసి నమలమన్నారు. మొదటి రకం కరకరలాడుతూ తియ్యగా ఉంది. చివరిది మాడిన పేలాల్లా చేదు. చాక్లెట్ మాల్ట్ అంటే అందులో చాక్లెట్ ఉండదని, బార్లీని ఆ రంగు, ఆ వాసన వచ్చేదాకా వేయిస్తారని అక్కడే తెలిసింది.

దుకాణంలో లండన్ పోర్టర్ సీసా కొన్నాను. 5.4 శాతం ఆల్కహాలు. బ్రౌన్, క్రిస్టల్, చాక్లెట్ అనే మూడు మాల్టులు, చేదు కోసం ఫగుల్ అనే రకం హాప్స్ పూలు. సాయంత్రం బసలో ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. లండన్ దగ్గర్లోని స్లౌలో ఉండే మా బావమరిది వచ్చాడు. ఒకే సీసాను రెండు గ్లాసుల్లోకి వంచి, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాం, ఒకటి కిటికీ గట్టు మీద ఉంచాం. అరగంట ఆగాం.

ఫ్రిజ్‌లోది ముందు రుచి చూశాను. మొదటి రోజు కథే. ఆపై గట్టు మీది గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తే, నలుపనుకున్నది అంచుల్లో దానిమ్మ గింజ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టగానే తాజా కాఫీ డికాషన్. నోట్లో మొదట తాటిబెల్లం, నడుమ దోరగా వేగిన కందిపప్పు కమ్మదనం, మింగాక నెమ్మదిగా వచ్చే చేదు. ఆ చేదు గొంతులో గుచ్చుకోదు, కాకరకాయ వేపుడు తిన్నాక నిలిచేలాంటిది. నురుగు లేత గోధుమ రంగులో చివరిదాకా గ్లాసుకు అంటుకునే ఉంది.

“బావగారూ, ఇది చల్లగా లేదేమిటి, ఐసు వేసుకోనా?” అన్నాడు మా వాడు. ఒక్క గుక్క అలాగే తాగి చూడమన్నాను. తాగాడు. ఐసు మాట మళ్లీ ఎత్తలేదు. మన ఊళ్ల ఎండల్లో బీరంటే వణుకు పుట్టేంత చల్లగా ఉండాలన్నది అలవాటు. లేతరంగు లాగర్ బీరుకు అది సరే. వేయించిన గింజల రుచి మీద నిలబడే పోర్టర్‌కు మాత్రం 11 నుంచి 13 డిగ్రీలు కావాలి.

మూడో రోజు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని డొమినియన్ థియేటర్ ముందు కాసేపు నిలబడ్డాను. ఒకప్పుడు అక్కడ మ్యూ కుటుంబం వారి హార్స్ షూ బ్రూవరీ ఉండేది. 1814 అక్టోబరు 17న, 22 అడుగుల ఎత్తున్న పోర్టర్ తొట్టికి బిగించిన ఇనుప పట్టీ జారి తొట్టి పగిలింది. వెనక పేదల వాడ మీద బీరు వరదై పడింది. ఎనిమిది మంది చనిపోయారు. చనిపోయిన ఒక పసివాడి కోసం నేలమాళిగలో కూడి ఏడుస్తున్నవాళ్లూ వారిలో ఉన్నారు. ప్రమాదవశాత్తూ, దురదృష్టవశాత్తూ పోయిన ప్రాణాలని విచారణలో తేల్చారు. పోర్టర్‌ను నెలల తరబడి అంతంత తొట్లలో ఊరబెట్టడం ఆనాటి పద్ధతి. బరువులు మోసే కూలీల దాహం తీర్చింది కాబట్టే వారి పేరు దానికి వచ్చింది. చివరికి అది ముంచింది కూడా పేదలనే. ఆ తలంపు ఆ రోజంతా నన్ను వదల్లేదు.

అక్కడి నుంచి హాక్నీ. అక్కడి ఫైవ్ పాయింట్స్ బ్రూవరీ వారి రైల్వే పోర్టర్, 4.8 శాతం. పీపాలోంచి చేతి పంపుతో తోడి ఇచ్చారు. పీపా బీరులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. బయటి గ్యాసు కలపరు, పీపా తెరిచాక మూడు రోజుల్లో తాగేయాలి. పొద్దుటి కల్లుకూ సాయంత్రం కల్లుకూ ఉన్న తేడా ఎరిగినవారికి ఇది వివరించనక్కర్లేదు. చిజిక్ సీసా చిక్కటి పాకమైతే ఇది తేలిక. బుడగలు నాలుకను పొడవవు, కోకో పొడి లాంటి పొడి రుచి మిగులుతుంది. ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను చిజిక్ వైపే. ఇద్దరు కూర్చుని గంటసేపు మాట్లాడుకోవడానికైతే హాక్నీది.

మర్యాదల సంగతి. పబ్బులో బల్ల దగ్గరకు ఎవరూ రారు, మనమే కౌంటర్ దగ్గరకు వెళ్లి అడగాలి. పీపా బీరు ఏదైనా ముందు కాస్త రుచి చూపించమంటే చాలాచోట్ల ఆనందంగా పోస్తారు. సగం పింటు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నేను అన్నీ సగాలే తాగాను, అందుకే తేడాలు గుర్తున్నాయి. హామర్‌స్మిత్‌లోని నా బస శుభ్రంగా ఉంది, పొద్దుటి ఫలహారం బాగుంది, రైలు స్టేషను పక్కనే. అయితే గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, ఆ మాట బుకింగ్ సమయంలో చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందే అడిగి తెలుసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నాలుగు అర లీటరు సీసాలను చొక్కాల్లో చుట్టి సూట్‌కేసు నడుమ పెట్టాను. హైదరాబాదులో దిగాక మూడు సీసాలు మిత్రులకు ఇచ్చాను, ఫ్రిజ్‌లో పెట్టవద్దని ఒట్టు వేయించుకుని మరీ. నాలుగోది డిసెంబరు చలి రాత్రి కోసం బీరువా అడుగున ఉంది.