అంబాసిడర్ ముందు సీటు: గోనె పొర వేయిస్తే ఎంత తేడా

కుషన్ షాపుకి వెళ్లగానే రెగ్జిన్ ముక్కల కట్ట ముందు పెడతారు. రంగు ఎంచుకునే ముందు ఒక్క మాట అడగండి: స్ప్రింగుల మీద ఏం పరుస్తారు? మార్క్ 4 అంబాసిడర్ ముందు సీటును ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదే. పైన కనిపించే కవరు ఎంత మంచిదైనా లోపల పాడయ్యే సీటు పాడవుతూనే ఉంటుంది. స్ప్రింగుకీ స్పాంజికీ మధ్య గోనె పొర ఉందా, ఉంటే ఎంత బిగుతుగా ఉంది అన్నదాని మీదే సీటు ఆయుష్షు.

ఈ సీటుకు రెండు రకాల పనీ జరిగింది. మొదటిది బజారులో మామూలుగా చేసేదే. పాత కవరు విప్పి, మట్టి రంగులోకి మారిన కొబ్బరి పీచు, చివికిన గోనె తీసి పారేసి, నాలుగంగుళాల మెత్తటి స్పాంజి నేరుగా స్ప్రింగుల మీద పెట్టి, కొత్త రెగ్జిన్ తొడిగారు. షాపులోంచి బయటికి వచ్చేసరికి సీటు నిండుగా, అంచులు నిటారుగా, చూడముచ్చటగా ఉంది. కూర్చుంటే హాయిగానే ఉంది. ఎండాకాలం దాటి వానలు మొదలయ్యే దాకా దాని మీద ఫిర్యాదే లేదు.

ఆ తర్వాత డ్రైవరు వైపు మెల్లగా తలుపు దిక్కుకు వాలింది. కూర్చున్న మనిషి నడుము కుడివైపు ఒరుగుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి ఎడమ వీపు కండరం పొద్దంతా బిగబట్టాల్సి వస్తుంది. స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా కింద టక్కుమని చప్పుడు. సీటు కింద చెయ్యి పెడితే పసుపు రంగు పొడి. ఆ పొడి కనిపించిందంటే స్పాంజి పని అయిపోయినట్టే. గోధుమ రంగు పీచు రాలితే పాత కొబ్బరి పీచు అనుకోవాలి, తుప్పు పెచ్చులు రాలితే స్ప్రింగులో, వాటిని చుట్టి ఉండే అంచు తీగో అనుకోవాలి. విప్పకముందే రోగం చాలావరకు ఇలా తెలిసిపోతుంది. ఇంకా అనుమానముంటే సీటు మీద అడ్డంగా ఒక తిన్నటి బద్ద పెట్టి చూడండి. మధ్యలో అంగుళం కంటే ఎక్కువ సందు కనిపిస్తే కుంగిన లెక్క.

విప్పి చూస్తే స్పాంజి అడుగున ఒక్కో స్ప్రింగు తగిలిన చోట ఒక్కో గుండ్రటి గాడి ఉంది, వృత్తలేఖినితో గీసినంత స్పష్టంగా. తలుపు పక్క వరుసలో స్ప్రింగులు స్పాంజిని పూర్తిగా కోసేసి రెగ్జిన్ లోపలి వైపుకు తగులుతున్నాయి. కారణం సూటిగానే ఉంది. కాయిల్ స్ప్రింగు పైచుట్టు సన్నటి ఇనుప తీగ. మనిషి బరువంతా ఆ తీగ మీద పడుతుంది, చుట్టు మధ్యనున్న ఖాళీలోకి స్పాంజి దిగబడుతుంది. బండి ఊగినప్పుడల్లా తీగ స్పాంజిని కాస్త కాస్త కోస్తూ పోతుంది. అందులోనూ తలుపు పక్క అంచు ఎక్కువ దెబ్బ తింటుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా ఒక్క క్షణం ఆ అంచు మీదే ఉంటుంది కాబట్టి. అక్కడ అంచు తీగను స్ప్రింగుకు పట్టి ఉంచే క్లిప్పు జారిపోయింది, స్ప్రింగు పక్కకు పడుకుంది. టక్కుమన్న చప్పుడు అదే.

పాత గోనెను పారేసి కొత్తది వేయకపోవడం ఆ షాపు చేసిన తప్పు. ఖర్చు పరంగా అది పని మొత్తంలో అతి చవకైన వస్తువు. అందుకే ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అప్పుడు చాలామంది చెప్పే సలహా ఒకటుంది: స్ప్రింగులు పాతబడ్డాయి, పీకేసి ప్లైవుడ్ వేసి దాని మీద మందంగా స్పాంజి పెట్టించమని. దయచేసి ఈ బండికి ఆ పని చేయించకండి. కాయిల్ స్ప్రింగు సీటు మనిషి కూర్చోగానే కొంత దిగి, ఇంకా దిగడానికి చోటు మిగుల్చుకుంటుంది. గుంతలో పడ్డప్పుడు ఆ మిగిలిన చోటే వెన్నును కాపాడేది. ప్లైవుడ్ మీది స్పాంజి కూర్చోగానే సగం నలుగుతుంది, గుంత వచ్చేసరికి అడుగంటుతుంది. వెనక కమాను కట్టలతో నడిచే బండి ఇది. దాని కుదుపులో కొంత భాగాన్ని సీటు స్ప్రింగులే మింగాలి. డీజిలు ఇంజినయితే ఆగి ఉన్నప్పటి వణుకు కూడా పలక గుండా నేరుగా నడుముకు ఎక్కుతుంది. పైగా స్ప్రింగు ఫ్రేము ఒకసారి తుక్కులోకి పోతే కొత్తది దొరకదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 మే నెలలోనే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తుక్కులో వెతికి తెచ్చుకోవడమే మిగిలేది.

రెండో పని స్ప్రింగుల దగ్గర మొదలైంది. ఈ మొత్తం వ్యవహారంలో బాగా సంతోషపెట్టిన సంగతి అక్కడే ఎదురైంది. ముందు సీటు ఒకటే పొడుగు సీటు కదా, నడుమ భాగంలో మనుషులు కూర్చునేది తక్కువ. అక్కడి స్ప్రింగులు ఎత్తు తగ్గకుండా, బిగి సడలకుండా దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. డ్రైవరు కింద అలసిపోయిన వాటిని విప్పి నడుమకు, నడుమవి డ్రైవరు కిందకు మార్చడంతో కొత్త స్ప్రింగు ఒక్కటి కూడా కొనాల్సిన పని లేకుండా సీటు లేచి నిలబడింది. మార్చే ముందు ప్రతి స్ప్రింగునూ నేల మీద నిలబెట్టి స్కేలుతో ఎత్తు కొలవాలి. పక్కవాటికంటే అర అంగుళం తక్కువున్నది డ్రైవరు కింద పనికిరాదు.

విరిగిన స్ప్రింగును వెల్డింగు చేయిస్తామంటే ఒప్పుకోకండి. వేడికి ఆ చోట తీగ పదును పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. తుప్పును తీగ బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ పలచగా పూసి ఆరనిస్తే చాలు. వంగిన అంచు తీగను ముందే సరిచేసుకోవాలి, కవరు తొడిగాక అది సరికాదు. ఆ తర్వాత స్ప్రింగుల తలలు పక్కలకు ఒరగకుండా ముందు నుంచి వెనక్కీ, కుడి నుంచి ఎడమకీ పురికొసతో ముడులు వేసి కట్టించాలి. నైలాను తాడు వద్దు, ముడి జారుతుంది. కట్టేటప్పుడు స్ప్రింగును కొద్దిగా నొక్కి పట్టాలి గానీ అంగుళానికి మించి అణచకూడదు, సీటు గట్టిపడుతుంది.

ఇక గోనె. బియ్యం బస్తా గుడ్డ పలచన, చిల్లులు పెద్దవి, అది చాలదు. దట్టంగా నేసిన బరువైన జనపనార గుడ్డ రెండు మడతలు కావాలి, లేదా ముతక నూలు కాన్వాసు. ప్లాస్టిక్ టార్పాలిన్ వేస్తామనే వాళ్లు కూడా ఉన్నారు. అది కిర్రుమంటుంది, చెమ్మను బయటికి పోనివ్వదు. గుడ్డ అంచును లోపలికి మడిచి, అంచు తీగ చుట్టూ రెండంగుళాలకొక సీటు రింగు చొప్పున ప్లయరుతో బిగించాలి. అంచు మడవకుండా రింగు వేస్తే పోగులు విడిపోయి కొన్నాళ్లకే రింగు ఊడి వస్తుంది. అరచేత్తో కొడితే డప్పులా మోగాలి. చెయ్యి లోపలికి దిగిందంటే విప్పి మళ్లీ లాగించండి, మొహమాటపడకండి.

గోనె మీద అంగుళం మందం రబ్బరు కలిపిన కొబ్బరి పీచు షీటు. దాని మీద రెండంగుళాల గట్టి స్పాంజి, ఆపైన అరంగుళం మెత్తటిది. ఈ చివరి పొర సుఖం కోసం కాదు, రెగ్జిన్ ముడతలు పడకుండా. షీట్లను సీటు మొత్తం పొడుగునా ఒకే ముక్కగా వేయించడం మేలు. డ్రైవరు వైపు సగమే మారిస్తే నడుమ మెట్టు ఏర్పడి అక్కడ కుట్టు తెగుతుంది. ఒకే ముక్క దొరక్కపోతే అతుకు సీటు నడిమధ్యన రావాలి, కూర్చునే చోట రాకూడదు. బంకగా వాడే సొల్యూషన్ స్పాంజి పొరల మధ్య అంచుల వెంట రెండంగుళాల మేరే పూయాలి. మధ్యలో పూస్తే ఆ మచ్చ గట్టిపడి ఎముకకు తగులుతుంది.

స్పాంజి సాంద్రత విషయంలో మోసపోకుండా ఉండే ఉపాయం తూకం. రెండడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ముక్కను త్రాసు మీద పెట్టండి. 40 సాంద్రత (అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు) అయితే సుమారు 750 గ్రాములు తూగుతుంది. 32 అయితే 600, 23 అయితే 430 దగ్గర ఆగిపోతుంది. షాపులో వేలితో నొక్కి చూపించేది గట్టిదనం మాత్రమే. తక్కువ సాంద్రత స్పాంజిని కూడా గట్టిగా తయారుచేస్తారు, అది మొదట్లో దిట్టంగా ఉండి త్వరగా చప్పబడుతుంది. డ్రైవరు సీటుకు 40కి తగ్గనివ్వద్దు. నలిగిన పాత స్పాంజికి ఆవిరి పట్టిస్తే లేస్తుందని అంటుంటారు. కొంచెం లేచే మాట నిజమే, అయితే లోపలి గదుల గోడలు విరిగిపోయాక అది నిలవదు.

కవరు కుట్టేవారికి పాత కవరును నమూనాగా ఇస్తాం కదా, అందులో డ్రైవరు వైపు సగం సాగిపోయి ఉంటుంది. పక్క సీటు వైపు సగాన్ని తిరగేసి కొలత తీసుకోమనండి. లేదంటే కొత్త కవరు మొదటి రోజు నుంచే వదులుగా ఉంటుంది. అంగుళానికి ఆరేడు కుట్లు చాలు. మరీ దగ్గరగా కుడితే రెగ్జిన్ చిల్లుల వరుస వెంట చిరుగుతుంది. దారం పాలిస్టరుదో, నైలానుదో కావాలి. నూలు దారం చెమటకూ చెమ్మకూ చివుకుతుంది.

ఇలా చేయించిన సీటు మీద ఇప్పటిదాకా తలుపు వైపు వాలడం లేదు, చప్పుడు లేదు, కింద పొడి లేదు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఒకే ఊపున నడిపి దిగినా నడుము పట్టేయలేదు. పాత సీట్లలో ఉండే ఆ మెల్లటి ఊగు తిరిగొచ్చింది. నేటి బండ్ల సీట్లలో అది దొరకదు, ఈ బండిని ఉంచుకున్నందుకు ఒక్క కారణం చెప్పమంటే ఇదే చెప్పాలి.

కొబ్బరి పీచు గురించి మాత్రం కొన్ని మాటలు చేర్చాలి. కొత్తలో అది కొద్దిగా కరకరమంటుంది. మొదటి కొన్ని నెలల్లో అరంగుళం దాకా అణుగుతుంది, కవరును అందుకే బిగుతుగా కుట్టించాలి. దీనికి అసలు శత్రువు నీళ్లు. అద్దం రబ్బరు చివికిన పాత బండ్లలో వాన నీరు లోపలికి కారడం మామూలే. పీచు తడిస్తే రోజుల తరబడి ఆరదు, వాసన వస్తుంది, కింద రింగులు తుప్పు పడతాయి. తడిసినప్పుడు కుషన్ను బయటికి తీసి నీడలో నిలువుగా ఆనించి ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే పీచును పట్టి ఉంచే రబ్బరు గట్టిపడి పొడి అవుతుంది. కాబట్టి అద్దాల రబ్బర్లు మార్చనిదే పీచు వేయించవద్దు. సముద్రం పక్కన ఉప్పుగాలిలో బయటే నిలిపే బండి అయితే పీచు బదులు స్పాంజి తుక్కును అతికించి చేసే రీబాండెడ్ షీటు వేయించడమే మంచిదేమో. అది బరువు, వేడి కూడా కొంచెం ఎక్కువే, కానీ కుళ్లదు.

రెగ్జిన్ వేసవిలో వీపుకు అంటుకునే బాధ దీనితో తగ్గలేదు, తగ్గుతుందని అనుకోవద్దు కూడా. అధికారుల కార్ల సీట్లకు తెల్ల తువ్వాళ్లు పరచడంలో హోదాతో పాటు చెమట లెక్క కూడా ఉంది. నూలు తువ్వాలు ఇప్పటికీ పనిచేస్తుంది.

ఎత్తు విషయం మరో సంగతి. లేచిన సీటు మీద పొడగరులకు తల కప్పుకు దగ్గరవుతుంది, స్టీరింగు తొడకు తగలొచ్చు. పొరలన్నీ కలిపి పాత ఎత్తును దాటకుండా చూసుకోవాలి, స్ప్రింగులు బాగుంటే రెండంగుళాల స్పాంజిని ఒకటిన్నరకు తగ్గించవచ్చు. ఈ బండి నడిపేది ఎక్కువగా ఒక్కరే, మధ్యస్థం బరువు, వారానికి రెండు మూడు సార్లు, రాత్రికి షెడ్డులోకి చేరుతుంది. రోజంతా టాక్సీగా తిరిగే బండికి స్ప్రింగుల ముడులు ఏడాదికోసారి చూసుకోవాల్సి రావచ్చు. ముందు విడివిడి సీట్లున్న 1800 ఐఎస్‌జడ్‌కు (ఇసుజు ఇంజినుతో వచ్చిన అంబాసిడర్) ఈ లెక్కలు అలాగే వర్తించవు, వాటి నిర్మాణం వేరు.

పనికి కనీసం రెండు పూర్తి రోజులు పడుతుంది. సాయంత్రానికల్లా ఇచ్చేస్తామన్న చోట పురికొస కట్టడం, గోనె బిగించడం జరగవు. కవరు తొడిగే ముందు ఒకసారి వచ్చి చూస్తానని ముందే చెప్పి పెట్టండి. ఆ పూట వెళ్లి గోనె మీద చేత్తో కొట్టి చూశాకే రెగ్జిన్ తొడగమనండి.