తెలుగు తరగతిలో టచ్ ప్యానెల్, పక్కనే నల్లబల్ల: మూడేళ్ల వాడకం తర్వాత

బెంగళూరులో శని, ఆదివారాల్లో పిల్లలకు తెలుగు నేర్పే తరగతిలో 75 అంగుళాల టచ్ ప్యానెల్ (పెన్నుతోనో వేలితోనో రాసుకునే పెద్ద తెర) పెట్టి మూడేళ్లయింది. నల్లబల్లను తీసేయలేదు. అదే మంచిదైంది.

75 అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. రాసుకునే చోటు సుమారు ఐదున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. నల్లబల్ల 12 అడుగులు, 4 అడుగులు. అంటే ప్యానెల్ మీద చోటు దాదాపు మూడో వంతే. గుణింతం మొత్తం బల్ల మీద ఒక్క వరుసలో పడుతుంది, తరగతి అయ్యేదాకా కళ్లముందే ఉంటుంది. ప్యానెల్‌లో పేజీ తిప్పితే మాయం. రాస్తూ రాస్తూ తలెత్తి చూసుకునే పిల్లలకు అది ఇబ్బంది.

ప్యానెల్ బాగా అక్కరకొచ్చేది కన్నడ అక్షరాల దగ్గర. ఇక్కడి పిల్లల్లో చాలామందికి బడిలో ముందు కన్నడ వస్తుంది. తెలుగు ‘క’ మీద కూడా కన్నడలోలాగా అడ్డగీత పెడతారు, తలకట్టు పెట్టరు. కీ, కే, కో రాసేటప్పుడు కన్నడ అలవాటుతో దీర్ఘాన్ని అక్షరం పక్కన విడిగా తగిలిస్తారు. రెండు లిపులనూ పక్కపక్కన పెద్దవి చేసి, ఒకదాని మీద ఒకటి జరిపి చూపిస్తే ఎక్కడ తేడానో చప్పున తెలుస్తుంది. సుద్దముక్కతో అంత కచ్చితంగా రాదు.

కానీ ఒత్తులు రాయించడానికి మాత్రం ఇది పనికిరాదు. ఈ రకం ప్యానెల్‌లో అంచుల నుంచి అద్దం మీదుగా కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు పోతుంటాయి. పెన్ను అద్దాన్ని తాకకముందే, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులోనే అది పసిగడుతుంది. ఎత్తాక కూడా గీత కాస్త సాగుతుంది. ఆంగ్ల అక్షరాలకు పర్వాలేదు. ‘స్త్రీ’ రాస్తే మాత్రం తావత్తు, క్రావడి కలిసిపోయి ఒక చిక్కుముడి తయారవుతుంది. గాజులు, చొక్కా చేయి తగిలినా గీతలే.

సుద్దపొడి దీనికి అసలు శత్రువు. కింది అంచులో పేరుకుంటే కిరణాలకు అడ్డుపడి, ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడతాయి. కిటికీ ఎండ నేరుగా అంచు మీద పడినా అంతే. బల్లకూ ప్యానెల్‌కూ మధ్య కనీసం నాలుగడుగులు వదలండి. డస్టర్ బయటికి తీసుకెళ్లి దులపండి, బల్లను తడిగుడ్డతో తుడవండి. వారానికోసారి ప్యానెల్ ఆపి, అంచును మెత్తటి పొడి బ్రష్‌తో ఊడ్చి, పిండేసిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. నీళ్లు నేరుగా చల్లితే లోపలికి దిగుతాయి.

పాఠాన్ని పీపీటీగా తెస్తే, ప్యానెల్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులు పక్కకు జరుగుతాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ (అచ్చుపని) ఫాంట్లయితే తెలుగే కనబడదు, చిత్రమైన గుర్తులొస్తాయి. పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. స్లైడుకు ఎనిమిది వరుసలు దాటితే చివరి బెంచీకి కనబడదు. కరెంటు పోతే మళ్లీ ఆన్ అవడానికి పట్టే సమయం పిల్లల అల్లరికి చాలు, చిన్న యూపీఎస్ ఉండాల్సిందే.

పలక, బలపం సంగతి. ప్యానెల్ దగ్గరికి ఒక్కరే వచ్చి రాస్తారు, మిగతావాళ్లు చోద్యం చూస్తారు. పది మాటలు చెప్పి, ఒక్కో మాటకూ పలకలు పైకెత్తించండి. ఎవరు ‘ళ’కు ‘ల’ రాశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ తప్పులనే ప్యానెల్ మీద పెద్దవి చేసి చూపిస్తే సరి. పేజీలను పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపొచ్చు, కానీ నోట్సు రాయడం అయ్యాకే. ముందే పంపితే ఎవరూ రాయరు.

కొనే ముందు డెమోకి వచ్చినతను గుండ్రాలు, బాణాలు గీసి చూపిస్తాడు. పెన్ను మీరు తీసుకుని, మామూలు వేగంతో ‘ధృతరాష్ట్రుడు’ అని రాయండి. నాలుగడుగులు వెనక్కి నడిచి, ‘ష్ట్రు’ చదవగలిగితే బేరం మొదలుపెట్టండి.