గొంతు మారే కుర్రాడు: పాట మాన్పించాలా, శ్రుతి దించాలా?

బరంపురం తెలుగు ఇళ్లలో పన్నెండేళ్లదాకా ఐదు శ్రుతిలో (ఆధార 'స' ఎత్తుగా పెట్టుకుని) హాయిగా పాడిన పిల్లాడు ఉన్నట్టుండి పై షడ్జం (పై 'స') దగ్గర కీచుమంటాడు. అప్పుడు పెద్దలు చెప్పే మాటలు రెండు.

ఒకటి: "గొంతు కుదిరేదాకా పాటకి సెలవు." 1850ల్లో అద్దం పెట్టి తన స్వరపేటికను తానే చూసుకున్న గానగురువు మాన్యుయెల్ గార్సియాదీ ఇదే సలహా. నొప్పో, తగ్గని బొంగురో ఉంటే సరే, ముందు ఈఎన్‌టీ డాక్టరు. ఏమీ లేకుండానే ఏడాది మాన్పిస్తే మాత్రం కుర్రాణ్ణి మళ్లీ కూర్చోబెట్టడం గగనం.

రెండోది శ్రుతి దించి పాడించడం. ఈ మార్పు దశలవారీగా సాగుతుందని, ఏ దశలోనైనా సుఖంగా పలికే స్వరాలు కొన్ని ఉంటాయని 1970ల్లో అమెరికాలో సంగీత అధ్యాపకుడు జాన్ కుక్సీ చెప్పాడు. మగపిల్లల్లో స్వరతంత్రులు పొడవై, మందమై గొంతు సుమారు ఒక స్థాయి (పై 'స' నుంచి కింది 'స' దాకా, పన్నెండు స్వరస్థానాలు) దిగుతుంది. ఆడపిల్లల్లో రెండు మూడు స్వరస్థానాలే. అందుకే ఎవరూ పట్టించుకోరు. శ్రుతిపెట్టెని ఐదు నుంచి ఒక్కసారి ఒకటి శ్రుతికి తిప్పేస్తే సరిపోదు. ఈ నెల మంద్ర పంచమం (కింది 'ప') దాకా అందిన గొంతు వచ్చే నెల ఇంకా దిగొచ్చు, మధ్యలో రెండు స్వరాలు పలక్కపోనూవచ్చు. కాసేపు సరళీవరసలు, మధ్యస్థాయిలో, అరవకుండా. నా ఓటు దీనికే. చవితి పందిట్లో మైకు మాత్రం ఈసారికి చెల్లెలికివ్వండి.