పాప్-అప్ ట్రైలర్ మంచాల కింద సపోర్టు: కార్తీక వనభోజనాల నుంచి అంతర్వేది తీర్థం దాకా వాడి రాస్తున్నా

ట్రైలర్‌కి 5లో 3, దాని మంచాలకి రాడ్లు చేసిపెట్టిన మా ఊరి దగ్గర వెల్డింగ్ షాపుకి 5కి 5. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుద్ది, కానీ ఇలాంటిది కొనాలనుకునేవాళ్ళు మంచాల సంగతి దగ్గర మాత్రం ఆగి చదవండి, ఎందుకంటే అక్కడ పడుకునేది మన ఇంట్లోవాళ్ళే.

తెలీని వాళ్ళకి, పాప్-అప్ అంటే కారు వెనకాల లాక్కెళ్ళే పెట్టె లాంటి ట్రైలర్ అండి. ఆగిన చోట హ్యాండిల్ తిప్పితే పైకప్పు లేస్తుంది, ముందు ఒక మంచం వెనక ఒక మంచం సొరుగు లాగినట్టు బయటికి వస్తాయి, వాటి చుట్టూ కాన్వాస్ గుడారం. మా చెల్లెలి భర్త డల్లాస్‌లో ఉంటాడు, వాళ్ళకి జేకో కంపెనీది ఉంది, ఆ వీడియోలు చూసే నాకు ఆశ పుట్టింది. ఇక్కడ వేరే ఊళ్ళో ఒక వర్క్‌షాప్ వాళ్ళు ఆ మోడల్ చూసి తయారు చేస్తున్నారంటే వెళ్ళి చూసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పైకప్పు లేచే పద్ధతి బాగుంది, కాన్వాస్ బాగుంది, గ్యాస్ పొయ్యి పెట్టుకునే చోటు మా ఆవిడకి నచ్చింది. వాటి గురించి అంతకంటే చెప్పాల్సింది లేదు.

మంచాల దగ్గరే తేడా. పెట్టెలోంచి నాలుగడుగులు బయటికి వచ్చిన మంచం గాల్లో ఉంటుంది కదా, దాని బయటి చివర కింద వీళ్ళు రెండు నిలువు స్టాండ్లు ఇచ్చారు, నేల మీద నిలబెట్టేవి. చూడ్డానికి నవారు మంచం కోళ్ళలాగే ఉన్నాయి కాబట్టి నాకూ అప్పుడు అనుమానం రాలేదు.

కార్తీకమాసంలో వనభోజనాలకి గోదారి పక్కన కొబ్బరి తోటకి తీసుకెళ్ళాం. వారం ముందు వానలు పడ్డాయి, పైన ఆరినట్టే ఉంది కానీ లోపల ఒండ్రు మెత్తగా ఉంది. వెనక మంచం మీద నాన్నగారు, మా పాప పడుకున్నారు. రాత్రి రెండింటికి పాప అరుపు. లేచి చూస్తే ఒక స్టాండు జానెడు లోతు దిగిపోయింది, మంచం ఆ మూలకి ఒరిగిపోయింది, కాన్వాస్ జిప్పు దగ్గర సాగిపోయి ఉంది, మంచం జరిగే పట్టా వంగింది. దేవుడి దయ వల్ల ఇద్దరికీ ఏమీ కాలేదు. నాన్నగారు "ఏం లేదురా, నువ్వు పడుకో" అంటూనే కారులో కూర్చుని తెల్లార్లూ నిద్రపోలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వర్క్‌షాప్ వాళ్ళకి ఫోన్ చేస్తే స్టాండు కింద వెడల్పు చెక్క పెట్టండి అన్నారు. పెట్టాను, అడుగు చదరం ప్లైవుడ్డు. మునగడం తగ్గింది కానీ ఇంకోటి తగులుకుంది. ట్రైలర్ టైర్ల మీద, స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది, లోపల మనిషి నడిస్తే కాస్త దిగి మళ్ళీ లేస్తుంది, నేల మీదున్న స్టాండు మాత్రం కదలదు. అంచేత ఒకసారి స్టాండు వదులు, ఒకసారి మంచం బరువంతా దాని మీదే, రాత్రంతా టక్ టక్ మని చప్పుడు. మన అరటి తోటల్లో గెల వేసిన చెట్టుకి వెదురు గడ పోటు పెడతాం చూడండి, వాన పడి నేల మెత్తబడితే పోటు దిగి చెట్టూ ఒరుగుద్ది, ఇదీ అంతే.

అప్పుడు డల్లాస్‌లో ఉన్న ఆ బావ వీడియో కాల్‌లో వాళ్ళ ట్రైలర్ కింద చూపించాడు. "బావా, నేల మీద ఏమీ ఆనదు, చూడు" అన్నాడు. మంచం బయటి చివర నుంచి రెండు రాడ్లు ఏటవాలుగా లోపలికి దిగి ట్రైలర్ ఛాసిస్‌కి ఉన్న బ్రాకెట్లలో కూర్చున్నాయి, గోడకి అలమర బల్ల కింద ఏటవాలు ముక్క కొట్టినట్టు. మంచం బరువు మళ్ళీ ట్రైలర్‌కే పోతుంది. నేల కుంగినా పెట్టె, మంచం కలిసే కుంగుతాయి, రెండిటి మధ్య గుంజులాట ఉండదు.

ఇక షాపు సంగతి. రాజోలు దగ్గర చిన్న షెడ్డు, ఎక్కువగా చెరువుల ఏరేటర్ ఫ్రేములు, ఇళ్ళ గేట్లు చేస్తారు. మేస్త్రి గారు ముందు పైపు గురించి మాట్లాడలేదు, నేల మీద పడుకుని ట్రైలర్ కిందకి దూరి "ఛాసిస్ ఎక్కడిదాకా వచ్చిందండి?" అని అడిగారు. బ్రాకెట్ పెట్టె రేకుకి వేస్తే రేకు నొక్కుకుపోతుందని, ఇనప ఛాసిస్‌కే వేయాలని ఆయనే చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడో లెక్క ఉంది, ఇది ఎవరూ చెప్పరు. మాకు మంచం 4 అడుగులు బయటికి, ఛాసిస్ 2 అడుగులు కిందకి, అంటే రాడ్డు పొడవు దాదాపు నాలుగున్నర అడుగులు. మంచం బయటి చివర 75 కేజీలు పడితే ఆ రెండు రాడ్ల మీద నొక్కుడు 75 కాదు, రెండూ కలిపి 168 కేజీల దాకా ఉంటుంది, ఎందుకంటే రాడ్డు నిలువుగా లేదు, బాగా ఏటవాలుగా ఉంది. ఎంత పడుకున్నట్టుంటే అంత ఎక్కువ. పైగా రాడ్డు మంచాన్ని బయటికి తోస్తుంది, 75కి 150 కేజీల తోపు. కాబట్టి పట్టాలో స్టాపరు, లాకు గట్టిగా ఉండాలి, లేకపోతే రాడ్డు ఎంత మంచిదైనా మంచం బయటికి జారుద్ది. మా వంగిన పట్టాని మేస్త్రి గారు తిన్నగా చేసి, స్టాపరు వెనక ఇంకో ముక్క వెల్డ్ చేశారు.

అంగుళం చదరం జీఐ పైపు వాడారు, మందం 2 మిల్లీమీటర్లు. వెల్డ్ చేసే చోట జింకు పూత గ్రైండర్‌తో తీసేసి, తర్వాత ఆ చోట్ల జింకు పెయింట్ వేశారు. మా దగ్గర సముద్రం గాలికి గేటు కూడా రెండేళ్ళు ఆగదు కాబట్టి ఇది చాలా ముఖ్యం. తర్వాత 25 కేజీల బియ్యం బస్తాలు ఆరు మంచం మీద పెట్టి రాత్రంతా ఉంచాం. పొద్దున్న చూస్తే చివర అర అంగుళం లోపే దిగింది, బస్తాలు తీస్తే మళ్ళీ మామూలు.

లోటు చెప్పకపోతే తప్పు. రెండు రోజులన్నది తొమ్మిది రోజులు పట్టింది. నాలుగు రాడ్లూ తలో పొడవు, పావు అంగుళం తేడా, ఏది ఎక్కడిదో గుర్తు లేదు, నేనే ఎర్ర పెయింట్‌తో గీతలు పెట్టుకున్నాను. కింది చివర మర ఉన్న పాదం పెట్టి ఉంటే పొడవు సరిచేసుకోడానికి వీలుండేది, ఇంకోసారి చేయిస్తే అదే అడుగుతాను. దారిలో రాడ్లు మోగకుండా పాత సైకిల్ ట్యూబుతో కట్టేస్తున్నాను.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. రథం రోజు లాడ్జీల్లో గది దొరకదు, అందరికీ తెలిసిందే. ఇసుక నేలలో ముందు ట్రైలర్ లెవెల్ చూసి, టైర్లకి అడ్డం పెట్టి, నాలుగు మూలల జాకీలు తాటి చెక్కల మీద దించాకే మంచం లాగాను. ఈ వరస తప్పొద్దండి, జాకీలు దించకుండా ఇద్దరు వెనక మంచం ఎక్కితే ట్రైలర్ ఇరుసు మీద తూగి ముందు భాగం లేస్తుంది. జాకీలు కుదురు కోసమే, వాటితో ట్రైలర్‌ని ఎత్తొద్దు. మంచం బయటికి రాగానే రాడ్లు పెట్టి పిన్నులు వేశాక కానీ ఎవర్నీ ఎక్కనివ్వను, పాపనైనా సరే.

నాన్నగారు మొదట కింద చాప వేసుకుంటానన్నారు. నేనూ మా తమ్ముడూ ఎక్కి కూర్చుని చూపిస్తే, రాడ్డుని చేత్తో పట్టి ఊపి చూసి, అప్పుడు ఎక్కారు. పొద్దున్న ఆరున్నరకి సముద్ర స్నానానికి మేమే లేపాల్సి వచ్చింది.

ముందు మంచానికి కూడా అదే షాపులో రాడ్లు పూర్తయ్యాయి, మేస్త్రి గారి కూలీ, ఇనుము అన్నీ కలిపి రెండు మంచాలకి 5,800 అయింది. కొత్త పట్టా పంపిస్తామని వర్క్‌షాప్ వాళ్ళు కార్తీకంలో చెప్పారు, ఇంకా రాలేదు, వచ్చాక ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.