సైలెన్సర్ నుంచి తెల్ల పొగ: మందు పోయడమా, హెడ్ దించడమా, ఇంజిన్ మార్చడమా?

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు, పొద్దున్నే మా బావగారు కారు స్టార్ట్ చేస్తే వెనక ప్రహరీ గోడ కనపడనంత తెల్ల పొగ వచ్చింది. "చలికాలం కదరా, ఆవిరిలే" అన్నారాయన. పావుగంట గడిచినా పొగ తగ్గలేదు. సైలెన్సర్ దగ్గర వంగితే ఏదో తియ్యటి వాసన. నాకు టెన్షన్ పట్టుకుంది.

బావగారు అన్నదాంట్లో తప్పు లేదు. పెట్రోల్ మండితే నీరు పుడుతుంది. చల్లటి గొట్టంలో అది ఆవిరిగా కనపడి, సైలెన్సర్ వేడెక్కగానే మాయమవుతుంది. దానికి ఏ రిపేరూ అక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, రిజర్వాయర్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతూ ఉంటే మాత్రం ఆ కూలెంట్ సిలిండర్‌లోకి పోయి కాలుతోందన్నమాట. తియ్యటి వాసన కూలెంట్‌లోని గ్లైకాల్‌ది. ఎక్కువసార్లు కారణం హెడ్ గ్యాస్కెట్ పోవడమే, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి సీలు. డీజిల్ బండి కథ కొంచెం వేరు. కళ్లు మండేలా డీజిల్ వాసన వస్తే ముందు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, చల్లటి ఇంజిన్‌లో వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు చూడాలి. కూలెంట్ తగ్గుతుంటే హెడ్ జోలికి వెళ్లేముందు ఈజీఆర్ కూలర్ (మండిన గ్యాస్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేముందు చల్లార్చే భాగం) లీకవుతోందేమో చూడాలి.

పొగ ఒక్కటే చూసి హెడ్ విప్పించకండి. ఆటోనగర్‌లో మెకానిక్ చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, కూలెంట్ కొంచెం తగ్గించి, ఆ మూతి మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టాడు. స్టార్ట్ చేసి రేడియేటర్‌లోని గాలిని ఆ ద్రవంలోంచి లాగాడు. మా కళ్లముందే నీలం పచ్చబడి, పసుపు రంగుకు తిరిగింది. మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు ఉంటే అదీ అనుమానించాల్సిందే. కాకపోతే చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి ఒట్టి తేమతో కూడా కాస్త తెట్టు కడుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలలా ఉంటే ఇక బండి కదపకూడదు.

ఇక ఏది మేలు?

రేడియేటర్‌లో పోసే స్టాప్ లీక్ మందు చవక, అరగంట పని. వీటిలో చాలావాటిలో సోడియం సిలికేట్ ఉంటుంది. లీకున్న చోట వేడికి గాజులా గట్టిపడి సందును మూస్తుంది. కానీ వంగిన హెడ్‌ను అది సరిచేయలేదు. పైగా రేడియేటర్‌లో, హీటర్‌లో ఉండే సన్నటి దారులను కూడా పూడ్చేయవచ్చు. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లు మార్చుకునేవారికి డబ్బిచ్చి, ఆ ఇంజిన్లు మళ్లీ పనికిరాకుండా చేయడానికి ఆయిల్ తీసేసి పోయించింది ఈ సోడియం సిలికేట్ ద్రావణాన్నే. కూలెంట్‌లో పోయడం వేరు, ఆయిల్‌లో పోయడం వేరు. అయినా ఆ సంగతి తెలిశాక నేను నా బండిలో పోయలేను. రెండు నెలల్లో తుక్కుకి వెళ్లే కారైతే పోసుకోండి. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్లే కారుకి వద్దు.

హెడ్ దించడం అసలైన వైద్యం. గ్యాస్కెట్ ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. అందుకే ఒకసారి విప్పాక సగం పని చేయించుకోకూడదు. అల్యూమినియం హెడ్ ఓవర్ హీటైతే వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి బద్ద) పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూస్తారు. సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ కొట్టించాలి, అంటే మెషీన్ మీద హెడ్ అడుగును చదును చేయించాలి. అది చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే కొన్నాళ్లకే మళ్లీ పొగ. పగుళ్లున్నాయేమో ప్రెషర్ పెట్టి చూపించమనండి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగుతాయి, వాటిని కొత్తవే వేయాలి. మధ్య నుంచి బయటికి, కంపెనీ చెప్పిన వరసలో బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. చేతి అంచనాతో బిగించేవాళ్లకు మాత్రం బండి ఇవ్వకండి. అసలు ఎందుకు ఓవర్ హీటైందో కూడా తేల్చాలి: థర్మోస్టాటా, వాటర్ పంపా, ఫ్యానా?

బ్లాక్ పగిలినా, బోర్లు (సిలిండర్ లోపలి గోడలు) గీసుకుపోయినా ఇంజిన్ మార్చడమే మిగులుతుంది. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటే అది ఎంత వేడి తిన్నదో మనకు తెలియదు, కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూడకుండా డబ్బు కట్టొద్దు. ఇంజిన్ నంబర్ ఆర్సీలో ఉంటుంది కాబట్టి ఆర్టీఓలో మార్పించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి.

ఏది ఎంచుకున్నా, పొగ వస్తుండగా మాత్రం "ఊరెళ్లొచ్చాక చూద్దాం" అనుకోకండి. ఆపిన ఇంజిన్‌లో సిలిండర్ నిండా కూలెంట్ చేరితే, స్టార్ట్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అప్పుడు గ్యాస్కెట్‌తో పోయేది ఇంజిన్ దాకా వస్తుంది.

బావగారు హెడ్ దింపించారు. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ గోరంత మేర మాడి నల్లబడి ఉంది. ఫేసింగ్ అయ్యాక రిజర్వాయర్ మీద కూలెంట్ మట్టానికి మార్కర్‌తో గీత గీశారు. రోజూ పొద్దున్నే ఫొటో తీసి నాకు పంపేవారు. నెల దాటినా కూలెంట్ ఆ గీత మీదే ఉంది.